ట్రై-బ్యాండ్ వైఫై మెష్ కిట్: 4×4 బ్యాక్‌హాల్ ఉంటేనే కొనండి

ఇంట్లో వైఫై అందని చోట్లకు సిగ్నల్ చేర్చేది రిపీటర్, లేదంటే మెష్ కిట్ (కలిసి ఒకే నెట్‌వర్క్‌గా పనిచేసే పెట్టెల జత; ప్రధాన రూటర్‌తో సహా ఒక్కో పెట్టె ఒక నోడ్). డ్యూయల్-బ్యాండ్ రిపీటర్‌కు 5 గిగాహెర్ట్జ్‌లో ఉండేది ఒకే రేడియో. రూటర్ నుంచి ప్యాకెట్ అందుకున్నాక అదే ఛానెల్‌లో మళ్లీ ఫోన్‌కు పంపాలి. పంపేటప్పుడు అది వినలేదు, అందుకే ఉన్న సమయాన్ని రెండు అంచెలూ పంచుకోవాల్సిందే. రూటర్ వైపు లింక్ 1200 ఎంబీపీఎస్, ఫోన్ వైపు 600 అనుకుంటే చివరికి మిగిలేది 400 (రెండింటి లబ్ధాన్ని వాటి మొత్తంతో భాగించండి). ప్రోటోకాల్ ఖర్చులు పోతే ఇంకా తక్కువ. ట్రై-బ్యాండ్ కిట్‌లో రూటర్‌తో మాట్లాడడానికి విడి రేడియో ఉంటుంది (ఈ లింక్‌నే బ్యాక్‌హాల్ అంటారు). రెండు అంచెలూ ఒకేసారి నడుస్తాయి కాబట్టి అవే అంకెలతో 600 దాకా వెళ్లొచ్చు. అదనపు ధర పెట్టేది ఈ తేడా కోసమే.

పెట్టె మీద ఎనిమిది యాంటెన్నాలని రాసి ఉంటే, వాటిలో బ్యాక్‌హాల్‌కు ఎన్ని ఇచ్చారో చూడండి. చాలా ఫోన్లు రెండు స్ట్రీమ్‌లకు (ఒకేసారి సాగే విడి డేటా ప్రవాహాలు) మించి అందుకోలేవు, వాటి విషయంలో మిగతా యాంటెన్నాలు బీమ్‌ఫార్మింగ్ (సిగ్నల్‌ను ఫోన్ దిశగా కేంద్రీకరించడం) లాంటి వాటికే సాయపడతాయి. నాలుగు స్ట్రీమ్‌లూ పూర్తిగా పనికొచ్చేది రెండు నోడ్‌ల మధ్యే, అదీ రెండు చివర్లా 4×4 (పంపడానికి నాలుగు, అందుకోవడానికి నాలుగు యాంటెన్నాలు) ఉంటేనే. వైఫై 6లో 80 మెగాహెర్ట్జ్ ఛానెల్ మీద 2×2 గరిష్ఠ లింక్ స్పీడ్ 1201 ఎంబీపీఎస్, 4×4కు 2402. ఫోన్ వైపు 4×4 పెట్టి బ్యాక్‌హాల్‌కు 2×2తో సరిపెట్టిన కిట్‌ను నేను సిఫారసు చేయను.

ఎంత మంచి కిట్ అయినా దెబ్బతినేది నోడ్ పెట్టే చోటులోనే. సిగ్నల్ అందని గదిలో పెడితే బ్యాక్‌హాల్ 150కి పడిపోవచ్చు, ఫోన్ పక్కనే ఉన్నా అంతకు మించి రాదు. యాప్‌లో బ్యాక్‌హాల్ సిగ్నల్ -60, -65 డీబీఎం (సిగ్నల్ బలం కొలత; సున్నాకు దగ్గరైన కొద్దీ బలం ఎక్కువ) మధ్య చూపించే చోటు వెతకండి. -70 కంటే బలహీనపడితే నోడ్‌ను రూటర్ వైపు జరపండి. ఒక నోడ్ వెనక ఇంకో నోడ్‌ను గొలుసుగా కట్టకుండా, అన్నీ నేరుగా ప్రధాన రూటర్‌కే కలిసేలా అమర్చండి.

ఉన్నట్టుండి నోడ్‌లన్నీ తెగిపోతుంటే బ్యాక్‌హాల్ ఛానెల్ చూడండి. రాడార్‌తో పంచుకునే ఛానెల్ అయితే, రాడార్ జాడ తగలగానే రూటర్ దాన్ని వదిలేయాలి. అలాంటి మరో ఛానెల్‌కు మారితే కనీసం 60 సెకన్లు విని చూసి గానీ ప్రసారం మొదలుపెట్టదు. 6 గిగాహెర్ట్జ్ బ్యాక్‌హాల్‌కు ఈ బెడద లేదు కానీ గోడలు దాటడంలో అది బలహీనం.

మొబైల్ సిగ్నల్ బూస్టర్‌ను (టవర్ సిగ్నల్‌ను పెంచి ఇంట్లోకి పంపే పరికరం) మెష్ కిట్‌కు బదులుగా చూడొద్దు. అది సిగ్నల్‌తో పాటు నాయిస్‌నూ (అనవసర రేడియో రొద) పెంచి పంపుతుంది. పైగా బయట ఒకే యాంటెన్నా, ఒకే కేబుల్ ఉంటే టవర్ పంపిన రెండు స్ట్రీమ్‌లూ ఆ ఒక్క దారిలో కలిసిపోతాయి, ఫోన్ వాటిని విడదీయలేదు.

నోడ్‌ల మధ్య ఈథర్‌నెట్ కేబుల్ లాగే వీలుంటే మాత్రం ట్రై-బ్యాండ్ అవసరం లేదు, డ్యూయల్-బ్యాండ్ మెష్ కిట్ చాలు.