సీపాప్ మెషీను కొనేవారికి హెచ్చరిక: అందులో ఉన్నది ఎవరి నిద్రో ముందు చూసుకోండి

హైదరాబాదులో బరువు తగ్గే ఆపరేషన్‌కు సిద్ధమవుతూ, దానికి ముందు స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు) చికిత్స కోసం సీపాప్ మెషీను (మాస్కు ద్వారా గాలి ఒత్తిడి పంపి గొంతును తెరిచి ఉంచే యంత్రం) కొనబోతున్న వారందరికీ ఈ హెచ్చరిక రాస్తున్నాను. కొత్తదని చెప్పి నాకు అమ్మిన మెషీను అంతకుముందు దాదాపు పద్నాలుగు నెలలు మరొకరు వాడినది. పోయింది డబ్బు మాత్రమే అయితే ఇంత రాసేదాన్ని కాదు. ఆ మెషీనులో మిగిలిపోయిన ఆ మనిషి నిద్ర లెక్కలు నా లెక్కలుగా చలామణి అయ్యి, మత్తు ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నానని కాగితం మీద తేలిపోయింది. మత్తు డాక్టరుగారు తేదీలు చూసి అనుమానించకపోతే ఆపరేషన్ బల్ల దాకా వెళ్లిపోయేదాన్ని.

నేను దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. నా వయసు 46, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 112 కిలోలు, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే బీఎంఐ అనే అంకె దాదాపు 45. బీపీ, షుగరు, మోకాళ్ల నొప్పులు మూడూ ఉన్నాయి. పొట్ట సంచిని చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ కోసం సర్జన్‌గారి దగ్గరకు వెళ్లినప్పుడు ఆయన ముందుగా అడిగింది తిండి గురించి కాదు, నిద్ర గురించి. గురక పెడతారా, నిద్రలో ఊపిరి ఆగడం ఇంట్లో ఎవరైనా చూశారా అని అడిగారు. నేను లేదనబోతుండగా మావారు కల్పించుకుని, "ఆగుతుందండీ, మళ్లీ మొదలయ్యేదాకా నేను లేచి కూర్చుని చూస్తుంటాను" అన్నారు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ మాట నేను మొదటిసారి విన్నది ఆ గదిలోనే. ఆడవాళ్లు గురక పెడతారని ఒప్పుకోవడం నామోషీ అనుకుని దాచుకునే అక్కచెల్లెళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ సంగతి దాచకుండా రాస్తున్నాను.

ఆపరేషన్‌కు ముందు ఈ చికిత్స ఎందుకో మత్తు డాక్టరుగారు ఓపికగా చెప్పారు. నిద్రలో గొంతు కండరాలు వదులైపోయి గాలి దారి మూసుకుపోవడం ఈ జబ్బు. పది సెకన్లు, అంతకు మించి శ్వాస ఆగితే దానిని ఒక ఆప్నియాగా లెక్కిస్తారు. శ్వాస పూర్తిగా ఆగినవి, ఆగకపోయినా బాగా తగ్గిపోయినవి కలిపి గంటకు సగటున ఎన్ని వచ్చాయన్నదే ఏహెచ్ఐ అనే అంకె. అది 5 దాటితే జబ్బు ఉన్నట్టు, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. నాకు 46 వచ్చింది. మత్తు మందులు, ఆపరేషన్ తర్వాత నొప్పికి ఇచ్చే మార్ఫిన్ వంటి మందులు ఆ గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తాయి, పైగా ఊపిరి ఆగినప్పుడు మనల్ని ఉలిక్కిపడి లేపే శరీరపు జాగ్రత్తను కూడా మొద్దుబారుస్తాయి. అందుకే ముందే కొన్ని వారాలు మాస్కు ద్వారా గాలి ఒత్తిడితో గొంతును తెరిచి ఉంచి, దానికి అలవాటు పడి, ఆపరేషన్ రాత్రి కూడా అదే మెషీను పెట్టుకుని పడుకోవాలని వారి నియమం. అలవాటు పడ్డామనడానికి మన నోటిమాట చాలదు, మెషీను ఇచ్చే రిపోర్టు కావాలి. పది రాత్రుల్లో కనీసం ఏడు రాత్రులు, రాత్రికి కనీసం నాలుగు గంటలు వాడి ఉండాలన్నది మామూలుగా పాటించే కొలత.

ఇక కొనుగోలు విషయం. కోఠిలో సర్జికల్ దుకాణాలు వరసగా ఉన్నా, కాలేజీ వదిలి తిరగలేక, ఫోను చేస్తే ఇంటికే వచ్చి నిద్ర పరీక్ష ఉచితంగా చేస్తామన్న ఒక ఏజెన్సీని నమ్మాను. నేను చేసిన మొదటి పొరపాటు అదే. రాత్రి తొమ్మిదింటికి ఒక కుర్రాడు వచ్చి ఛాతీకి పట్టీ, వేలికి క్లిప్పు, ముక్కుకు సన్నని గొట్టం తగిలించి వెళ్లాడు. తెల్లవారి ఆరింటికి విప్పుకుని వెళ్లాడు. పది గంటలకల్లా రిపోర్టుతో పాటు మెషీను ధర కూడా వాట్సాప్‌లో వచ్చింది. పరీక్ష చేసేవాడే సరుకు అమ్మేవాడైతే ఆ పరీక్షకు ఉన్న విలువ ఎంతో ఆలోచించవలసింది. నా విషయంలో జబ్బు నిజమే కావడంతో, ఆసుపత్రిలో మళ్లీ చేసిన పరీక్షలో కూడా తేలడంతో, ఆ అంకె మీద నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదంతా ఆ తర్వాత జరిగిన దాని గురించే.

మెషీను జూన్ 28న ఇంటికి వచ్చింది. 46,500 రూపాయలు యూపీఐలో కట్టించుకున్నారు, అది కూడా సంస్థ పేరు మీద కాదు, ఒక వ్యక్తి నంబరుకు. జీఎస్టీ బిల్లు రెండు రోజుల్లో మెయిల్ చేస్తామన్నారు, చేతికిచ్చింది కచ్చా చీటీ. అట్టపెట్టె మీద దిగుమతిదారు పేరు, గరిష్ఠ ధర ఉండవలసిన చోట చిరిగిన స్టిక్కరు ఉంది. నీళ్ల డబ్బా అడుగున సన్నని తెల్లటి పొర కట్టి ఉంది. గోటితో గీకితే సున్నంలా రాలింది. వెనక మూత తీస్తే ఫిల్టరు తెల్లగా కాక బూడిద రంగులో ఉంది. మొదటి రాత్రి మాస్కు పెట్టుకుని మెషీను ఆన్ చేసినప్పుడు ట్యూబులోంచి వచ్చిన గాలిలో అగరబత్తి వాసన వచ్చింది. మా ఇంట్లో అగరబత్తి వెలిగించం, మా అమ్మాయికి ఆ పొగ పడదు. ఇవన్నీ కళ్లెదుట ఉన్నా, ఫ్యాక్టరీలో పరీక్షించినప్పటి మరకలు మేడమ్ అన్న మాటను నమ్మి ఊరుకున్నాను. మెషీను చూడగానే చేయవలసిన పని ఇంకొకటి ఉంది, అది నాకు తెలియలేదు. అది ఎన్ని గంటలు తిరిగిందన్న లెక్క దాని మెనూలోనే ఉంటుంది. కారుకు కిలోమీటర్ల మీటరు ఉన్నట్టే దీనికీ ఉంటుంది. డబ్బు కట్టకముందే ఆ అంకెను తెర మీద చూపించమని అడగండి. కొత్తదైతే అది సున్నా, లేదా దాదాపు సున్నా ఉండాలి.

వారు పెట్టిన ఒత్తిడి 12. ఎలా నిర్ణయించారని అడిగితే, మీ బరువుకు అంతే పడుతుంది మేడమ్ అన్నారు. ఈ మెషీన్ల ఒత్తిడి సాధారణంగా 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి పీడనం మధ్య ఉంటుంది. ఎవరికి ఎంత కావాలో ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకోబెట్టి మెల్లగా పెంచుతూ కనుక్కోవాలి, లేదా ఊపిరిని బట్టి తానే సర్దుకునే ఆటో మెషీనుతో కొన్ని రాత్రులు చూసి తేల్చాలి. బరువును చూసి చెప్పేది కాదు అది. పైగా నాకు అమ్మినది ఒకే ఒత్తిడితో నడిచే రకం. ఆపరేషన్ తర్వాత నెలనెలా బరువు తగ్గే మనిషికి అవసరమైన ఒత్తిడి కూడా తగ్గుతూ వస్తుంది కనుక నాలాంటి వారికి ఆటో రకమే ఇవ్వవలసిందని తర్వాత తెలిసింది. మాస్కు కూడా ముక్కును, నోటిని కలిపి మూసే పెద్ద సైజుది ఇచ్చారు. కొలత తీయనే లేదు. రాత్రంతా కళ్లలోకి గాలి కొట్టి తెల్లవారేసరికి ఎర్రబడేవి. కారకుండా పట్టీలు బిగిస్తే ముక్కు మీద పుండు పడింది. తెల్లవారి లేచేసరికి మాస్కు పక్క మీద ఎక్కడో ఉండేది, ఎప్పుడు పీకేశానో తెలిసేది కాదు. నాకే ఓర్పు లేదని, నావల్లే ఆపరేషన్ ఆలస్యమవుతుందని కుమిలిపోయాను. ఇలాంటి స్థితిలో ఎవరైనా ఉంటే దయచేసి తమను తాము నిందించుకోవద్దు, ముందు మాస్కు సైజును అనుమానించండి.

జూలై 17న ఆపరేషన్‌కు ముందటి మత్తు పరీక్ష. అంతకు రెండు రోజుల ముందు ఏజెన్సీ కుర్రాడు వచ్చి మెషీనులో రోజువారీ వాడకం లెక్కలు నమోదయ్యే మెమరీ కార్డు తీసుకుని, సాయంత్రానికి రిపోర్టు పంపాడు. అందులో వాడకం సగటున రాత్రికి 6 గంటల 30 నిమిషాలు. నాకు ఆశ్చర్యం వేసిన మాట నిజమే, కానీ నిద్రలో నాకు తెలియకుండా అంతసేపు పెట్టుకున్నానేమో అని సంతోషించి ఊరుకున్నాను. ఆ సంతోషాన్ని తలుచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది. డాక్టరుగారు మొదటి పేజీ చూసి బాగుందమ్మా అని, రెండో పేజీ తిప్పి ఆగిపోయారు. "మీ నిద్ర పరీక్ష ఎప్పుడయింది?" అన్నారు. మొన్న జూన్‌లో అన్నాను. "మరి ఈ రిపోర్టు పోయిన సంవత్సరం ఏప్రిల్ నుంచి ఉందేమిటమ్మా?" అన్నారు. ఆవిడ కార్డు తెప్పించి ఆసుపత్రి కంప్యూటర్‌లో నా పంతొమ్మిది రాత్రులను మాత్రమే వేరుచేసి చూశారు. నా సగటు గంటా యాభై నిమిషాలు. ఒక్క రాత్రి కూడా నాలుగు గంటలు లేవు. మాస్కు గాలి కారుడు హద్దు దాటి ఉంది. మెషీను తిరిగిన మొత్తం గంటలు 2,870.

ఎవరో తెలియని ఒక మనిషి ఏడాదికి పైగా ప్రతి రాత్రీ శ్రద్ధగా మాస్కు పెట్టుకుని పడుకున్నందువల్ల, చికిత్స అందని నాకు చికిత్స అందినట్టు రుజువు తయారైంది. ఆ రుజువును నమ్మి మత్తు ఇచ్చి ఉంటే ఏమయ్యేదని అడిగాను. ఆవిడ నేరుగా జవాబు చెప్పలేదు. ఆపరేషన్ వాయిదా వేస్తున్నానని మాత్రం చెప్పారు. కాబట్టి మెషీను ఎక్కడ కొన్నా, రిపోర్టును అమ్మినవాడి చేత తీయించకండి. మెషీను గానీ కార్డు గానీ ఆసుపత్రికి తీసుకువెళ్లి వారి చేతనే తీయించండి. రిపోర్టు మీద మీ పేరు, మెషీను సీరియల్ నంబరు, మొదటి తేదీ, చివరి తేదీ మీ కళ్లతో చదవండి.

ఏజెన్సీకి ఫోను చేస్తే మొదట కాదన్నారు, తర్వాత డెమో పీసు అన్నారు, చివరికి, "లోపల సర్వీసు చేసి, ఓజోన్ పెట్టి శుభ్రం చేశాం మేడమ్, కొత్తదానితో సమానం" అన్నారు. ఆ ఓజోన్ వాయువు మాట విన్నవారు ఇంకా జాగ్రత్త పడాలి. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ తన పాత డ్రీమ్‌స్టేషన్ రకాలతో సహా లక్షల మెషీన్లను ప్రపంచవ్యాప్తంగా వెనక్కి పిలిచింది. శబ్దం తగ్గించడానికి లోపల పెట్టిన పాలియురెథేన్ నురుగు పొడిగా రాలి గాలిదారిలోకి పోయే అవకాశం ఉందన్నది కారణం. ఓజోన్‌తో శుభ్రం చేయడం ఆ అరుగుదలను పెంచవచ్చని ఆ కంపెనీయే చెప్పింది. నాకు అంటగట్టింది ఆ కంపెనీ మెషీను కాదు. అయినా పాతది తెలిసే కొనేవారు, అద్దెకు తీసుకునేవారు మోడల్, తయారైన తేదీ, సీరియల్ నంబరు అడిగి, వెనక్కి పిలిచిన జాబితాలో అది ఉందేమో సరిచూసుకున్నాకే తలకు తగిలించుకోవాలి.

పక్కా బిల్లు లేకపోవడం నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. చేతిలో ఉన్నది కచ్చా చీటీ, యూపీఐ రసీదు, వాట్సాప్ మాటలు, సీరియల్ నంబరు ఫోటో, ఆసుపత్రి వారు తీసిన రిపోర్టు. వాటితోనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేశాను, ఏజెన్సీకి రాతపూర్వకంగా నోటీసు పంపాను. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ల లోపు వెళ్లవచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. ఆ సంగతి నోటీసులో రాసిన తర్వాతే వారి గొంతు మారింది. మూడు వారాలకు మెషీను తీసుకుని 40,000 ఇచ్చారు. మిగిలింది మాస్కుకు, సర్వీసుకు పట్టుకున్నారట. దాని కోసం ఇంకా రాస్తూనే ఉన్నాను.

అమ్మేవారు చెప్పే మరో మాట గురించి కూడా రాయాలి. "ఆపరేషన్ అయ్యాక ఇది ఎలాగూ అక్కర్లేదు మేడమ్, గాలి పొట్టలోకి పోతే కుట్లు ఊడిపోతాయి కూడా, అందుకే ఖరీదైనది వద్దు" అని నాకు నచ్చజెప్పారు. మా డాక్టరుగారిని అడిగితే, ఆపరేషన్ తర్వాత సీపాప్ వాడినందువల్ల కుట్లు ఎక్కువగా లీకయినట్టు పరిశోధనల్లో కనబడలేదని, ఆ మొదటి రాత్రులలోనే దాని అవసరం ఎక్కువని చెప్పారు. బరువు తగ్గాక చాలామందిలో జబ్బు తగ్గుతుంది కానీ అందరిలోనూ పూర్తిగా పోదు. మళ్లీ నిద్ర పరీక్ష చేసి, ఫలితం చూసి, డాక్టరు మానమన్నాకే మానాలి.

ప్రస్తుతం నా దగ్గర ఉన్నది నెలవారీ అద్దెకు తీసుకున్న ఆటో మెషీను. ఇచ్చే ముందు నా ఎదుటే గంటల మీటరు చూపించారు, పాత లెక్కలు చెరిపి నా పేరుతో మొదలుపెట్టారు, ట్యూబు, ఫిల్టరు, నీళ్ల డబ్బా కవర్లోంచి నేనే తీశాను. డబ్బాలో బోరు నీళ్లు, ఫిల్టరు నీళ్లు కాకుండా డిస్టిల్డ్ వాటరే పోస్తున్నాను. ఆసుపత్రిలో ఒక రాత్రి పడుకున్నాక నాకు సరిపడిన ఒత్తిడి 12 కాదు, 9 అని తేలింది. అక్కడి టెక్నీషియన్ ప్లాస్టిక్ కొలమానం నా ముక్కు మీద పెట్టి చూసి, ముక్కును మాత్రమే మూసే చిన్న సైజు మాస్కు ఇచ్చింది. పడుకున్నప్పుడు ముఖం ఆకారం మారుతుంది కాబట్టి మాస్కును పడుకునే సరిచూసుకోవాలని ఆ అమ్మాయి చెప్పిన ఒక్క మాటతో కళ్లలోకి గాలి కొట్టడం ఆగిపోయింది. ఐదు వారాల రిపోర్టులో సగటు 5 గంటల 40 నిమిషాలు, మెషీనుతో ఏహెచ్ఐ 3.8. పొద్దున్నే వచ్చే తలనొప్పి పోయింది. మొదటి పీరియడ్‌లో పాఠం చెబుతూ నిలబడే కునుకు తీసే స్థితి కూడా పోయింది. మావారు ఇప్పుడు రాత్రి లేచి కూర్చోవడం లేదు.

ఈసారి రిపోర్టు డాక్టరుగారే తన ఎదుట తీయించి, తేదీలు మొదట చదివి, ఆ తర్వాతే అంకెలు చూసి వచ్చే నెల రెండో మంగళవారానికి ఆపరేషన్ ఖాయం చేశారు. మెషీనునూ మాస్కునూ వెంట తెచ్చుకుని, ఆపరేషన్ అయ్యి స్పృహ వచ్చే గదిలో అందుబాటులో ఉంచమన్నారు. బ్యాగు మీద నా పేరు, సీరియల్ నంబరు పెద్ద అక్షరాలతో మా అమ్మాయి రాసి అతికించింది.