మైక్రోసాఫ్ట్ షేరు: ఏళ్ల తరబడి అట్టిపెట్టుకున్నాక

సత్య నాదెళ్ల సీఈవోగా వచ్చిన తొలి ఏళ్లలో మైక్రోసాఫ్ట్ షేర్లు కొనడం మొదలుపెట్టాను. ఇప్పటిదాకా ఒక్కటీ అమ్మలేదు, వీలున్నప్పుడు మరికొన్ని కలుపుకుంటూ వచ్చాను. తెలుగువాడు ఆ కుర్చీలో కూర్చోవడం నాకూ సంతోషమే, కానీ కొన్నది అందుకు కాదు. ఏటా వార్షిక నివేదిక వచ్చిన వారంలో కూర్చుని లెక్కలు చదువుతాను. వాటిలో నాకు కనిపించినవి చెబుతాను.

ముందు ధర సంగతి. తర్వాత జరిగిన స్ప్లిట్‌ను (ఒక్కో షేరును రెండుగా విడదీయడాన్ని) లెక్కలోకి తీసుకుంటే, 1999 డిసెంబరు చివర్లో ఈ షేరు 60 డాలర్లకు కాస్త తక్కువగా ఉంది. మళ్లీ ఆ ధర దాటింది 2016 అక్టోబరులో. మధ్యలో కంపెనీ చితికిపోయిందా అంటే, లేదు. 2000 జూన్‌తో ముగిసిన సంవత్సరంలో నికర లాభం 942 కోట్ల డాలర్లు. 2013 జూన్‌తో ముగిసిన సంవత్సరంలో 2,186 కోట్లు. లాభం రెట్టింపు దాటినా షేరు 35 డాలర్ల దగ్గరే ఉంది. 1999లో కొన్నవాళ్లు ఏడాది లాభానికి సుమారు డెబ్బై రెట్లు పోశారు, 2013లో మార్కెట్ ఇచ్చింది పదమూడు రెట్లు. కంపెనీ బలమైనదని వాళ్లు వేసిన అంచనా నిజమే అయింది, అయినా అసలు ధర చూడ్డానికి పదహారేళ్లకు పైగా పట్టింది. 2003 నుంచి డివిడెండ్లు వచ్చాయి, 2004లో షేరుకు 3 డాలర్ల ప్రత్యేక డివిడెండ్ కూడా ఇచ్చారు. ఆ నిరీక్షణకు అది చిన్న ఊరట. అందుకే కంపెనీ ఎంత నచ్చినా పీఈ, అంటే షేరు ధర ఏడాది లాభానికి ఎన్ని రెట్లుందో, చూడకుండా నేను ఒక్క షేరూ కొనను.

నేను ఈ షేరును వదలకపోవడానికి అసలు కారణం, మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ వాడే కంపెనీలు దాన్ని వదల్లేకపోవడం. ఒక సంస్థ తన ఈమెయిళ్లు, ఫైళ్లు, మీటింగులు అన్నీ ఇందులోకి ఎక్కించాక, కొత్త ఉద్యోగికి చేరిన రోజు ఇచ్చే లాగిన్ దగ్గర్నుంచి మానేసిన రోజు దాన్ని మూసేయడం దాకా ప్రతి పనీ ఈ సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తుంది. మార్చాలంటే నెలల తరబడి పని ఆగుతుంది. 2022 మార్చిలో వ్యాపార సంస్థలకిచ్చే ఆఫీస్ ప్లాన్ల ధరలు పెంచినా వాడేవాళ్ల సంఖ్య పెరుగుతూనే వచ్చింది. ధర పెంచినా కస్టమరు కదలకపోవడం కంటే గట్టి రుజువు నాకు అక్కర్లేదు. ఇంకో మాట: కంప్యూటర్లను ఇంటర్నెట్ మీద అద్దెకిచ్చే క్లౌడ్ సేవ అజ్యూర్ 2010లో, ఆఫీస్ 365 2011లో మొదలయ్యాయి, రెండూ నాదెళ్లకు ముందు సీఈవోగా ఉన్న స్టీవ్ బామర్ హయాంలోనే. ఆయన కాలాన్ని వృథాగా పోయిన కాలంగా తీసిపారేయడం అన్యాయమని నా అభిప్రాయం.

అలాగని బామర్ చేతిలో డబ్బు పొదుపుగా ఖర్చయిందని అనలేను. 2007లో ఆన్‌లైన్ ప్రకటనల కంపెనీ ఎక్వాంటివ్‌ను సుమారు 630 కోట్ల డాలర్లకు కొని, 2012లో అందులో 620 కోట్లు నష్టంగా రాసేశారు. నోకియా ఫోన్ల వ్యాపారానికి బామర్ ఒప్పందం కుదిర్చితే, 2015లో 760 కోట్ల నష్టాన్ని నాదెళ్ల పద్దులో వేయాల్సి వచ్చింది. నాదెళ్ల హయాంలో జరిగిన లింక్డ్‌ఇన్, గిట్‌హబ్ (ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైటు) కొనుగోళ్లు అలా కాలేదు.

ఇప్పుడు నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్‌లో (నగదు రాకపోకల లెక్కలో) ఒకే ఒక్క వరుస: స్థలాలు, భవనాలు, పరికరాల మీద పెట్టిన ఖర్చు. 2020 ఆర్థిక సంవత్సరంలో అది సుమారు 1,540 కోట్ల డాలర్లు. 2025లో దాదాపు 6,460 కోట్లు. లీజు మీద తీసుకున్నవి ఇందులో కలవవు, అవి వేరు. డేటా సెంటర్లు, ఏఐ చిప్‌లు ఈ డబ్బంతా తీసుకుంటున్నాయి. 2024 నుంచి 2025కి నికర లాభం 8,814 కోట్ల నుంచి 10,183 కోట్లకు పెరిగితే, పెట్టుబడి ఖర్చులు పోగా చేతిలో మిగిలిన నగదు 7,400 కోట్ల నుంచి 7,160 కోట్లకు తగ్గింది. లాభం మాత్రమే చూసేవాళ్లకు ఈ తేడా కనపడదు.

దీనికి తోడు తరుగుదల లెక్క ఒకటుంది: కొన్న పరికరం ఖరీదును అది పనిచేసే ఏళ్లకు పంచి ఏటా కొంత ఖర్చుగా రాయడం. సర్వర్లు నాలుగేళ్లు పనిచేస్తాయని వేసుకున్న అంచనాను 2023 ఆర్థిక సంవత్సరం నుంచి ఆరేళ్లు చేశారు. ఆ ఒక్క మార్పుతో ఆ ఏడాది నిర్వహణ లాభం 370 కోట్ల డాలర్లు ఎక్కువగా కనిపించింది. ఇందులో దాచిందేమీ లేదు, నివేదికలోనే రాశారు. కానీ ఏఐ చిప్‌లు ఏటేటా మారిపోతున్న ఈ రోజుల్లో అదే ఆరేళ్ల లెక్క నిలుస్తుందా అన్నది నన్ను వదలని ప్రశ్న.

ఎదురువైపు సంగతీ చెప్పాలి. అజ్యూర్ ఆదాయం డాలర్లలో ఎంతో ఏళ్ల తరబడి బయటపెట్టలేదు, పెరుగుదల శాతమే చెప్పేవారు. 2025లో మొదటిసారి చెప్పారు: ఏడాదికి 7,500 కోట్ల డాలర్లు దాటింది, పెరుగుదల 34 శాతం. పెట్టిన డబ్బుకు గిరాకీ ఉందని చెప్పడానికి ఇది చాలు. ఆ గిరాకీ మీద మిగిలే లాభం ఎంతన్నదే ఇంకా తేలాలి.

బైబ్యాక్‌ల గురించి, అంటే కంపెనీ తన షేర్లనే తిరిగి కొనడం గురించి కొంచెం. 2005లో సుమారు 1,070 కోట్ల షేర్లుండేవి, ఇప్పుడు 743 కోట్లు. ఉద్యోగులకు ఏటా కొత్తగా షేర్లిస్తూనే ఇంత తగ్గించారు. ఈ మధ్య మాత్రం ఆ సంఖ్య దాదాపు కదలడం లేదు.

2022లో షేరు నాలుగో వంతుకు పైగా పడిపోయింది. చూస్తూ కూర్చోవడం తేలిక కాదు, నిజంగా భయమేసింది. కానీ కంపెనీ అమ్మకాలు పెరుగుతూనే ఉన్నాయి, అందుకే కదల్లేదు.

ఇల్లు గడవడానికి కావాల్సిన డబ్బు దీంట్లో ఎప్పుడూ పెట్టలేదు, ఎవరినీ పెట్టమని చెప్పను. ఉన్నవి ఉంచుకుంటున్నాను, కొత్తగా కొనడం మాత్రం ఆపాను. అజ్యూర్ వేగం తగ్గుతూ తరుగుదల ఖర్చు పెరుగుతూ రెండేళ్లు వరుసగా కనిపిస్తే మూడో వంతు అమ్మేస్తాను. పెట్టుబడి ఖర్చు నిలకడకు వచ్చి చేతిలో నగదు మళ్లీ లాభంతో పాటు పెరిగితే, ధర నచ్చినప్పుడు ఇంకా కొంటాను.