నెల్లూరు – హైదరాబాద్ నైట్ బస్సు: పులిహోర మేలా, పెరుగన్నం మేలా, చపాతీలా?

నెల్లూరు నుంచి హైదరాబాద్‌ సుమారు 450 కిలోమీటర్లు. దారిలో హోటల్ దగ్గర ఆపుతారుగా, అక్కడ తినొచ్చుగా అంటారు. ఎన్నింటికి ఆపుతాడో మన చేతుల్లో లేదు. అర్ధరాత్రి అద్దంకి దాటాక ఆపితే అప్పుడు నిద్ర లేచి పరోటా తినే ఓపిక నాకైతే లేదు. డబ్బా కట్టుకోవాల్సిందే.

మా ఇళ్లల్లో మొదటి ఓటు పులిహోరకే. చింతపండు పులుపు వల్ల అన్నం తొందరగా పాడవదు. ఏసీ లేని సూపర్ లగ్జరీలో కూడా తట్టుకుంటుంది. కాకపోతే చేసే పద్ధతిలో చేయాలి. అన్నం పలుకుగా వండి, వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి, పసుపు, నూనె పట్టించి, పూర్తిగా చల్లారాకే ఉడికించిన పులుసు, తాలింపు కలపాలి. వేడి మీద డబ్బాలో పెట్టి మూత బిగిస్తే ఆవిరి నీళ్లయి అన్నం మీదే పడుతుంది, ఇక చింతపండు కూడా కాపాడలేదు. పొదలకూరు నిమ్మకాయలు ఇంట్లో ఉన్నాయని నిమ్మకాయ పులిహోర కలిపితే మాత్రం ఆ రాత్రికే తినేయాలి, పొద్దుటికి ఆ రుచి ఉండదు.

పులిహోరతో అసలు ఇబ్బంది దాహం. ఉప్పు, కారం, నూనె అన్నీ దండిగా ఉంటాయి. తిన్నాక అర బాటిల్ నీళ్లు తాగుతాం, ఆ తర్వాత బస్సు ఎప్పుడు ఆగుతుందా అని టెన్షన్. షుగర్ ఉన్న పెద్దవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

అందుకే ఏసీ స్లీపర్‌ అయితే నేను పెరుగన్నం వైపే. కడుపు చల్లగా ఉంటుంది, బాగా నిద్ర పడుతుంది, పక్క బెర్త్ వాళ్లకి వాసనా రాదు. అన్నం మెత్తగా వండి, గోరువెచ్చగా ఉండగా కాచిన పాలు ఎక్కువ పోసి, పెరుగు ఒక్క స్పూనే కలపండి. తినే వేళకి కమ్మగా తోడుకుంటుంది. నంజుకోను రెండు ఊరమిరపకాయలు చాలు, ఆవకాయ వద్దు, మళ్లీ దాహమే. మే నెలలో ఏసీ లేని బస్సుకి మాత్రం దీన్ని కట్టకండి, ఒంగోలు చేరేలోపే పులుస్తుంది. స్పూను మర్చిపోతే చీకట్లో బెర్త్ మీద కూర్చుని చేత్తో తినడం ఎంత అవస్థో చెప్పక్కర్లేదు.

చపాతీలు పిల్లలున్నవాళ్లకి. చుట్టి చేతికిస్తే గొడవ లేదు. పెద్దవాళ్లకి గంట గడిచాక అవి తోలులా సాగుతాయి, అంతకంటే చెప్పడానికేం లేదు.

ఇక హైదరాబాద్‌లో ఉన్న పిల్లలకి చేపల పులుసు పట్టుకెళ్లే అమ్మలు మా జిల్లాలో ఎప్పుడూ ఉంటారు. మర్నాటికి రుచి పెరుగుతుంది, నిజమే. కానీ ఏసీ బస్సులో కిటికీలు తెరుచుకోవు. మర మూత స్టీలు డబ్బాలో పోసి, పైన రెండు కవర్లు కట్టి, కాళ్ల దగ్గరే నిలబెట్టుకోండి. డిక్కీలో పెడితే ఎవరి సూట్‌కేసు మీద ఒలుకుతుందో!