ఎయిర్‌లెస్ స్ప్రే మిషన్ కొన్నేళ్లు వాడాక, తోటి పెయింటర్ల కోసం

ముందే సూటిగా చెప్పేస్తా. ఖాళీగా ఉన్న కొత్త ఫ్లాట్లు, విల్లాలు, స్కూళ్లు, గోడౌన్లు, ఇలాంటి పెద్ద పెద్ద గోడలకి ఎయిర్‌లెస్ మిషన్ బంగారం. జనం కాపురం ఉంటున్న ఇంట్లో సోఫాలు జరుపుకుంటూ ఒక్కో గది చేసే రీపెయింటింగ్‌కి మాత్రం చాలాసార్లు రోలరే ముందు పని ముగిస్తది. ఎందుకంటే మిషన్ పనిలో ట్రిగ్గర్ నొక్కే టైం కొంచెమే, మిగతా రోజంతా మాస్కింగ్‌కీ (రంగు పడకూడని చోట్లన్నీ మూసేయడం), పెయింట్ కలపడానికీ, వడగట్టడానికీ, కడగడానికీ పోద్ది. ఈ లెక్క తెలియకుండా వీడియోల్లో పది నిమిషాల్లో హాలు అయిపోవడం చూసి కొనేవాళ్లు మన హైదరాబాద్‌లో చాలామందే ఉన్నారు, తర్వాత ఆ మిషన్లు సెకండ్ హ్యాండ్‌లో అమ్మకానికి వస్తున్నాయి, నిజంగా బాధగా ఉంటది ఎందుకంటే మిషన్‌లో తప్పేం ఉండదు.

నేను వాడేది కరెంటుతో నడిచే పిస్టన్ పంపు ఎయిర్‌లెస్, గరిష్ఠంగా 3300 పీఎస్ఐ (ప్రెషర్ కొలత), 021 సైజు రంధ్రం ఉన్న టిప్ వరకు లాగగలదు, టిప్ అంటే గన్ మూతికి పెట్టే సన్న రంధ్రం ముక్క. బ్రాండ్ పేరు రాయట్లేదు, ఈ సైజు పిస్టన్ మిషన్లు ఏ కంపెనీవైనా పని తీరు దాదాపు ఒకటే. కార్పెంటర్లు డ్యూకో కొట్టే కంప్రెసర్ గన్‌తో దీన్ని కలపొద్దు, అందులో గాలి పెయింట్‌ని విసురుద్ది, ఇందులో గాలే లేదు, పంపు పెయింట్‌నే నొక్కి సన్న రంధ్రంలోంచి తోస్తది, ఆ ప్రెషర్‌కి పెయింట్ దానంతటదే తుంపరగా విడిపోద్ది. ఆన్‌లైన్‌లో కొన్ని వేలకే వచ్చే చేతి గన్లు, కప్పు కింద వేలాడేవి, అవి వేరే జాతి. కిటికీ గ్రిల్స్‌కీ ఒకటీ అరా తలుపుకీ పర్లేదు, గోడల పనికి అవి పెట్టుకుని రోజు కూలి గిట్టించుకోలేరు.

టిప్ నంబర్ అర్థం కాకుండా చాలామంది షాపువాడు ఇచ్చిన టిప్‌తోనే ఏళ్ల తరబడి కొట్టేస్తున్నారు కాబట్టి ఇది కొంచెం వివరంగా రాస్తా. 517 అని ఉందనుకోండి, మొదటి అంకె 5, దాన్ని రెట్టింపు చేస్తే 10, అంటే గోడకి అడుగు దూరం నుంచి కొడితే 10 ఇంచుల వెడల్పు పట్టీ పడుద్ది. మిగిలిన 17 ఏమో రంధ్రం సైజు, ఇంచులో వెయ్యో వంతులు 17, అంటే అర మిల్లీమీటరు కూడా ఉండదు. లోపలి గోడల ఎమల్షన్‌కి (నీళ్లలో కలిపే పెయింట్) నా చేతిలో ఎక్కువగా ఉండేది 517, ప్రైమర్‌కీ అదే సరిపోద్ది. తలుపుల మీద ఎనామెల్‌కి (ఆయిల్ పెయింట్) 310, 312 లాంటివి, ప్రెషర్ బాగా తగ్గించి. బయట గోడలకి చిక్కటి ఎక్స్‌టీరియర్ పెయింట్ అయితే 519. లప్పం (పుట్టీ) కూడా ఇదే మిషన్‌తో కొట్టేయొచ్చని నాకు అమ్మినాయన గట్టిగానే చెప్పాడు, అది జరిగే పని కాదు, లప్పానికి దీనికంటే చాలా పెద్ద టిప్పులు, వాటిని లాగే పెద్ద పంపు కావాలి. కొనేముందు మిషన్ మీద గరిష్ఠ టిప్ సైజు ఎంత రాసుందో మీరే చూసుకోండి.

ప్రెషర్ సంగతి. కొత్తవాళ్లు నాబ్‌ని చివరిదాకా తిప్పేసి మొదలుపెడతారు, దాంతో గదంతా పొగమంచు, పెయింట్ సగం గాల్లోకి. తక్కువ నుంచి మొదలుపెట్టి అట్టముక్క మీద కొట్టి చూడాలి. పట్టీ పైన కింద రెండు అంచుల్లో మందంగా తోకల్లా గీతలు కనపడితే ప్రెషర్ చాలట్లేదని. కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయి ఆ తోకలు మాయమైన దగ్గర ఆపేయడమే, అంతకి మించి ఒక్క పాయింటు కూడా అక్కర్లేదు. పెంచినా తోకలు పోకపోతే టిప్ అరిగిందేమో, పెయింట్ మరీ చిక్కగా ఉందేమో, ఫిల్టర్ పూడిందేమో చూడాలి. ఇంకో పరీక్ష ఉంది, నాకు ఇది చాలా ఇష్టం. టిప్ గార్డ్‌ని (టిప్ చుట్టూ వేలు తగలకుండా ఉండే ముక్క) తిప్పి పట్టీ అడ్డంగా పడేలా పెట్టి, చెయ్యి కదపకుండా అట్ట మీద పెయింట్ కారేదాకా నొక్కి పట్టండి. కారే ధారలన్నీ ఒకే పొడవులో ఉంటే టిప్ బాగున్నట్టు, మధ్యలోవే పొడుగ్గా దిగి అంచుల్లో ధార లేకపోతే ఆ టిప్ అయిపోయింది. అరిగిన టిప్‌లో రంధ్రం పెద్దదై గుండ్రంగా మారిపోద్ది, పట్టీ వెడల్పు తగ్గిపోద్ది, పెయింట్ మాత్రం ముందుకంటే ఎక్కువ తాగుద్ది. టిప్ డబ్బులు మిగిల్చామనుకుని బకెట్ల కొద్దీ పెయింట్ పోసుకునేది ఇక్కడే.

ఇక చెయ్యి. బ్రష్ పట్టి పెరిగిన చెయ్యికి గన్ అలవాటవ్వడం కష్టమే, మనం ఇన్నేళ్లూ మణికట్టుతో పని చేశాం, ఇక్కడ మణికట్టు బిగబట్టి భుజం కదపాలి, పొడుగాటి గోడ అయితే మనిషే గోడ వెంట నడవాలి. గన్ ఎప్పుడూ గోడకి అడుగు దూరంలో, తిన్నగా గోడకేసి. చెయ్యి ఊపితే మధ్యలో మందం, చివర్లలో పలుచన, సాయంత్రం కిటికీలోంచి ఎండ పక్కగా పడినప్పుడు ఆ చారలన్నీ ఇంటాయనకి కనపడతాయి. చెయ్యి కదిలాకే ట్రిగ్గర్ నొక్కాలి, చెయ్యి ఆగకముందే వదిలేయాలి, ఆగి నొక్కినచోట కచ్చితంగా కారుద్ది. ప్రతి పట్టీ ముందు పట్టీ మీద సగం ఎక్కాలి, దీనికి సులువు ఏంటంటే టిప్ మధ్యభాగాన్ని ముందు పట్టీ అంచుకి గురి పెట్టి పోవడమే, సగం దానంతటదే వస్తది. మూలలు ముందు నిలువుగా ఒక్కసారి కొట్టేసుకుని తర్వాత గోడలోకి రావాలి.

మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాళ్లకి నేను పెయింట్ ఇవ్వను, బకెట్‌లో నీళ్లు పోసి మేడ మీద పిట్టగోడ చూపిస్తా. సిమెంటు గోడ మీద నీటి తడి చక్కగా కనపడుద్ది, ఎక్కడ సగం ఎక్కలేదో, ఎక్కడ ట్రిగ్గర్ లేటుగా వదిలాడో వాడికే తెలిసిపోద్ది, ఎండకి ఆరిపోయాక మళ్లీ కొడతాడు. ఖర్చు లేదు, భయం లేదు. నీళ్లతో చెయ్యి కుదిరాక ప్రైమర్, ప్రైమర్ కుదిరాక సీలింగ్, ఆ తర్వాతే గోడల ఫైనల్ కోటు. ఈ వరస మార్చకండి.

ప్రైమర్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. లప్పం పట్టి ఎమరీ కొట్టిన గోడ మీద సన్నటి దుమ్ము ఉంటది, రోలర్ ఆ దుమ్ముని నొక్కి పెయింట్‌తో కలిపేస్తది, మిషన్ నొక్కదు, పైన పరుచుద్ది అంతే. దుమ్ము తుడవకుండా ప్రైమర్ స్ప్రే చేసిన గోడకి మాస్కింగ్ టేప్ అంటించి లాగి చూడండి, పొరలు పొరలుగా ఊడి వస్తది. అందుకే గోడని శుభ్రంగా తుడిచి, ఒకరు స్ప్రే చేస్తుంటే వెనకాలే ఇంకొకరు ఆ తడి మీద రోలర్ తిప్పుకుంటూ రావాలి. మిషన్ ఉండి కూడా రోలర్ ఎందుకని ఓనర్లు అడుగుతారు, ఓపిగ్గా చెప్పండి.

ఎమల్షన్ చివరి కోటు కూడా నేను వెనకాల రోలర్ వేయిస్తాను, దానికి కారణం వేరు. మన దగ్గర పెయింటింగ్ అయ్యాక కూడా ఏసీ వాళ్లు, ఎలక్ట్రీషియన్లు, మాడ్యులర్ కిచెన్ వాళ్లు వస్తూనే ఉంటారు, గోడ కొడుతూనే ఉంటారు. ఒట్టి స్ప్రే మీద రోలర్‌తో టచప్ చేస్తే అదే డబ్బాలో పెయింట్ అయినా ఆ ముక్క వేరేగా తెలిసిపోద్ది, ఎందుకంటే గోడ నున్నగా ఉంటది, టచప్ గరుగ్గా ఉంటది, వెలుతురు రెండింటి మీదా ఒకేలా పడదు. మొదటే రోలర్ తిప్పిన గోడ అయితే టచప్ కలిసిపోద్ది. సీలింగ్‌కి ఈ బాధ తక్కువ, అక్కడ స్ప్రే ఒక్కటే వదిలేస్తాను, ఆ నునుపు చూస్తే నిజంగా ప్రాణం లేచొస్తది, జాయింటు మార్కు ఒక్కటి ఉండదు, మెడ నొప్పి కూడా ఉండదు.

మాస్కింగ్ పనిని ఎవరూ పనిగా లెక్క పెట్టరు, నా దృష్టిలో సగం రేటు దానిదే. కిటికీలు, తలుపు ఫ్రేములు, స్విచ్ బోర్డులు, టైల్స్, మెట్ల రెయిలింగ్, అన్నీ ఫిల్మ్‌తోనూ టేప్‌తోనూ మూసేయాలి. పాత న్యూస్‌పేపర్ తడికి మెత్తబడి చిరుగుద్ది, ఫిల్మే నయం. ఇద్దరు మనుషులు పొద్దున్నుంచీ మాస్కింగ్ చేసుకుంటే మధ్యాహ్నానికి గన్ చేతికి వస్తది. టైల్స్, స్విచ్‌లు, కిటికీలు ఇంకా బిగించని ఫ్లాట్ దొరికితే ఆ సగం రోజూ మనకి మిగిలిపోద్ది, మిషన్ లాభం అంతా అలాంటి సైట్లలోనే ఉంది. అందుకే బిల్డర్‌తో మాట్లాడుకుని ప్రైమర్, మొదటి కోటు ఫిటింగ్‌లకి ముందే కొట్టుకునేలా చూసుకుంటాను.

పెయింట్‌ని తప్పకుండా వడగట్టాలి. డబ్బా మూతకి ఎండి అంటుకున్న పెచ్చు, పైన మీగడలా కట్టిన పొర, అందులో ఆవగింజంత ముక్క పోయినా టిప్ మూసుకుపోద్ది. పాత చున్నీ గుడ్డ చాలు, లేదా వడగట్టే నైలాన్ సంచులు అమ్ముతారు. టిప్ మూసుకుంటే తాళం చెవిలా ఉన్న పిడిని వెనక్కి తిప్పి, వేస్ట్ బకెట్‌లోకి ఒక్కసారి నొక్కితే ముక్క ఊడిపోద్ది, మళ్లీ ముందుకి తిప్పి పని చేసుకోవడమే. సూది పెట్టి పొడవొద్దు, రంధ్రం పాడైపోద్ది. ఎమల్షన్‌కి గన్ లోపల 60 మెష్ (ఇంచుకి 60 కన్నాల జల్లెడ) ఫిల్టర్, ఎనామెల్‌కి 100 మెష్.

ఇప్పుడు చెప్పేది దయచేసి పూర్తిగా చదవండి. కారు టైర్లో గాలి 30, 35 పీఎస్ఐ ఉంటది, ఈ గన్ మూతి దగ్గర రెండు మూడు వేలు ఉంటది. వేలు అడ్డం వస్తే ఆ ధార చర్మాన్ని కుట్టుకుని లోపలికి పెయింట్‌ని ఎక్కిస్తది, చేతి గ్లౌజులు ఆపలేవు. పైకి చిన్న చుక్కంత గాయమే కనపడుద్ది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండకపోవచ్చు, అందుకే మనవాళ్లు టించర్ రాసుకుని పనిలో పడిపోతారు. లోపల మాత్రం పెయింట్ నరాల వెంట పాకిపోయి వేలు తీసేయాల్సినంత వరకు రావొచ్చు. ఇది వెంటనే ఆపరేషన్ చేయాల్సిన కేసు, క్లినిక్‌లో ఇంజెక్షన్‌తో పోయేది కాదు, పెద్ద హాస్పిటల్ ఎమర్జెన్సీకి వెళ్లి హై ప్రెషర్‌తో పెయింట్ లోపలికి వెళ్లిందని చెప్పాలి, ఆ పెయింట్ డబ్బా కూడా వెంట తీసుకెళ్లండి. టిప్ విప్పేముందు ప్రతిసారీ మిషన్ ఆపాలి, నాబ్‌ని ప్రైమ్‌కి (పెయింట్ గన్‌కి పోకుండా బకెట్‌లోకి తిరిగొచ్చే స్థానం) తిప్పాలి, గన్‌ని బకెట్‌లోకి నొక్కి ప్రెషర్ వదలాలి, లాక్ వేయాలి. గన్ కింద పెడితే లాక్, నిచ్చెన ఎక్కితే లాక్. టిప్ గార్డ్ లేకుండా కొట్టేవాడు మా టీంలో ఉండడు.

గుడ్డ కట్టుకోవడం మాస్క్ కాదు. ఎమల్షన్ తుంపర ఊపిరితిత్తుల్లోకి పోకుండా మంచి పార్టికల్ ఫిల్టర్ కావాలి, ఎనామెల్ అయితే ఆవిరిని కూడా ఆపే కార్ట్రిడ్జ్ ఉన్నది. ఎనామెల్ కొట్టేటప్పుడు కిటికీలు తెరిచి, మిషన్‌ని గది బయట పెట్టి, ఎర్తింగ్ ఉన్న ప్లగ్‌లోనే పెట్టాలి, బీడీ సిగరెట్ దరిదాపుల్లో ఉండకూడదు.

మన వాతావరణంలో ఇంకో రెండు గొడవలు. ఎండాకాలం మధ్యాహ్నం కొడితే తుంపర గోడ దాకా వెళ్లేలోపే సగం ఆరిపోయి గోడ ఎమరీ పేపర్‌లా గరుగ్గా తగులుద్ది, అప్పుడు పొద్దున్నే మొదలుపెట్టడం, ఫ్యాన్లు ఆపడం తప్ప దారి లేదు. ఆషాఢం గాలుల్లో బయట గోడల జోలికి మిషన్‌తో పోవద్దు, కింద సెల్లార్ బయట పెట్టిన కార్ల మీద చుక్కలు పడితే ఆ నెల సంపాదన పాలిషింగ్‌కే సరిపోద్ది. గాలి ఉన్న రోజు రోలర్ తీయండి.

సైట్లో టెంపరరీ కరెంటు వోల్టేజ్ పడిపోతే మోటార్ మూలుగుద్ది. సన్న ఎక్స్‌టెన్షన్ వైరు పొడుగు పెంచుకునే బదులు పెయింట్ పైపు పొడుగు పెంచుకోండి, అది మోటార్‌కి మంచిది. మామూలు పావు ఇంచు పైపు 50 అడుగుల్లో దాదాపు అర లీటరు పెయింట్ ఉండిపోద్ది, కడిగేముందు నీళ్లతో తోసి దాన్ని డబ్బాలోకి తీసుకోండి, నీటి రంగు మొదలవ్వగానే వేస్ట్ బకెట్‌కి మార్చేయాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి, భోజనానికి వెళ్లేటప్పుడు కూడా గన్ మూతి నీళ్లలో ఉండాలి. మర్నాడు మిషన్ ఆన్ చేస్తే పెయింట్ లాగట్లేదంటే చాలాసార్లు కింద పంపులోకి పెయింట్ వచ్చే దారిలో ఉండే గుండు, అదే ఇన్‌లెట్ బాల్, అంటుకుని ఉంటది, ప్రెషర్ తీసేసి పెన్సిల్ లాంటిదానితో సున్నితంగా కదిపితే వచ్చేస్తది. మెకానిక్‌ని పిలిచేముందు ఇది చూడండి.

రేటు మాట. మిషన్ అనగానే ఓనర్ తక్కువ చేయమంటాడు. 517 టిప్ నిమిషానికి లీటరు పైనే వదుల్తది కాబట్టి పని చకచకా అయినట్టు కనపడుద్ది, కానీ మాస్కింగ్ సామాను, టిప్పులు, రిపేర్లు, గాల్లో పోయే పెయింట్, ఇవన్నీ మన మీదే. నేను ఎస్ఎఫ్‌టీ (చదరపు అడుగు) రేటు తగ్గించను, రోజులు తగ్గిస్తానని చెప్తాను, ప్రైమర్, సీలింగ్ తొందరగా తెమిలితే కార్పెంటర్‌ని ముందే దించుకోవచ్చని చెప్తే బిల్డర్లు ఒప్పుకుంటున్నారు.

నెలకి రెండు మూడు ఖాళీ ఫ్లాట్లు దొరుకుతుంటేనే సొంత మిషన్ కొనండి, లేకపోతే అద్దె మిషన్‌తో నడిపించుకోవచ్చు. కొనేరోజే మిషన్‌తో పాటు 517 టిప్పులు రెండు, తలుపులకి 310 ఒకటి, రెండు సైజుల గన్ ఫిల్టర్లు, పిస్టన్ మీద రోజూ నాలుగు చుక్కలు వేసే ఆయిల్, మీ ఊళ్లోనే ప్యాకింగ్ కిట్ (పిస్టన్ చుట్టూ లీకు కాకుండా వేసే సీళ్లు) దొరికే షాపు నంబరు, ఇవన్నీ తెచ్చుకోండి. ప్యాకింగ్ అరిగితే ప్రెషర్ నిలబడదు, ఆ కిట్ వేరే ఊరి నుంచి కొరియర్‌లో వచ్చేదాకా నలుగురు మనుషులు సైట్లో ఖాళీగా కూర్చోవాల్సి వస్తది.