కీచైన్ పనిముట్లు: ఉప్పుగాలిలో, నిమ్మరసంలో, జిగురులో వాడి చూశాక

తాళాల గుత్తికి తగిలించుకునే ఈ చిన్న మడత పనిముట్ల డబ్బా మీద ‘7 పనులు’, ‘10 పనులు’ అని పెద్ద అక్షరాలతో వేస్తారు. స్విస్ కంపెనీ విక్టోరినాక్స్ చేసే క్లాసిక్ ఎస్‌డీనే తీసుకుంటే ఆ ఏడింటిలో పళ్లు కుట్టుకునే పుల్ల ఒకటి, తాళంచెవి తగిలించే రింగు ఇంకొకటి. గోళ్లు రాసుకునే ఆకురాయి, దాని కొసన ఉన్న 2.5 మి.మీ. స్క్రూడ్రైవర్ ఒకే రేకు. లెక్కలో మాత్రం రెండు. అందుకని ఆ అంకె సంగతి వదిలేసి, రోజూ బయటికి తీసేది ఏది, ఏడాదికోసారి తీసేది ఏది అని చూస్తేనే వీటి తేడా తెలుస్తుంది.

ఇక్కడ పోలుస్తున్నవి ఆరు. క్లాసిక్ ఎస్‌డీ మూస్తే 58 మి.మీ., బరువు 21 గ్రాములు. అదే పొడవులో అదే కంపెనీ ర్యాంబ్లర్, 30 గ్రాముల చుట్టుపక్కల. అల్యూమినియం పిడి ఉన్న క్యాడెట్ కూడా వాళ్లదే, 84 మి.మీ., 46 గ్రాములు. లెదర్‌మన్ కంపెనీవి రెండు: మైక్రా 51 గ్రాములు, స్క్వర్ట్ పీఎస్4 57 గ్రాములు. ఆరోది గెర్బర్ కంపెనీ డైమ్, 62 గ్రాములు. ఇంతకంటే బరువైతే లుంగీ మడతలో నిలవదు, ప్యాంటు జేబుకు చిల్లు పెడుతుంది. కాబట్టి పెద్ద ప్లయర్ టూల్స్ జోలికి పోలేదు.

మామూలు మనిషికి రోజులో ఎక్కువసార్లు పని పడేది కత్తెరతోనే. మాత్రల స్ట్రిప్పు, పాల ప్యాకెట్టు, పురికొస, చొక్కా దారం అన్నీ కత్తెర పనులే. రొయ్యల మేత సంచి సంగతి చూడండి. మూతి గొలుసుకుట్టుతో ఉంటుంది. సరైన కొస దగ్గర ఒక్క దారం తెంపి లాగితే కుట్టు మొత్తం బరబరా ఊడొస్తుంది; రెండో కొస నుంచి లాగితే బిగుసుకుంటుంది. బ్లేడు పెట్టి కోస్తే సంచి చిరుగుతుంది, ప్లాస్టిక్ పీచు మేతలో పడుతుంది. సన్న మొన ఉన్న కత్తెరే దీనికి సరి.

కత్తెరల్లో మైక్రాకు సాటి ఈ ఆరింటిలో లేదు. అసలు దాని ఒళ్లే కత్తెర. రెండు పిడులూ విప్పితే చెయ్యంతా పట్టుకి వస్తుంది కాబట్టి జిప్ టై, జీన్స్ గుడ్డ, మందపాటి ప్లాస్టిక్ కవరు వరకు లాగించేస్తుంది. ఇబ్బంది ఒక్కటే: బ్లేడు, స్క్రూడ్రైవర్, శ్రావణం అన్నీ పిడుల లోపల దాక్కుని ఉంటాయి. బ్లేడు కావాలంటే ముందు కత్తెర విప్పాలి. ఒక చేత్తో పురికొస పట్టుకుని ఉన్నప్పుడు ఇది చికాకు పుట్టిస్తుంది. క్లాసిక్, ర్యాంబ్లర్ కత్తెర బొటనవేలి గోరంత. అయినా సన్నపనికి మొన చక్కగా దూరుతుంది. దాని ప్రాణం మధ్యలో ఉన్న చిన్న స్ప్రింగులో ఉంది. మందమైన వస్తువు పెట్టి పక్కకు మెలితిప్పితే రెండు అంచుల మధ్య సందు వస్తుంది, ఆ తర్వాత దారం తెగకుండా మడతపడుతుంది. స్ప్రింగు ఒక్కటే పోతే కొత్తది వేయించుకోవచ్చు. అంచులు వంగితే వేసేదేమీ లేదు. పరీక్ష సులువు: తడిపిన పల్చటి కాగితాన్ని మొన దగ్గర కత్తిరించండి. నమలకుండా తెగితే కత్తెర బాగున్నట్టే. స్క్వర్ట్‌లోనూ, డైమ్‌లోనూ కత్తెరలున్నాయి గానీ అవి పేరుకే.

స్క్రూడ్రైవర్ దగ్గరికొస్తే ర్యాంబ్లర్ ముందుంటుంది. సీసా మూత తీసే రేకు కొసనే అయస్కాంతం పట్టిన స్టార్ మొన ఉంది. కళ్లజోడు మర, రిమోట్ మూత, త్రీపిన్ ప్లగ్గు మర దీంతో అయిపోతాయి. లెదర్‌మన్ చిన్న టూల్స్‌లో స్టార్ మొన గుండ్రంగా కాకుండా చదునైన రేకులా ఉంటుంది. గట్టిగా నొక్కి తిప్పకపోతే జారి మర తల అరగదీస్తుంది. పిడి పొట్టిది కాబట్టి తుప్పు పట్టిన మర మీద ఏదీ పనిచేయదు. దానికి ఇంట్లో ఉన్న మామూలు స్టార్ స్క్రూడ్రైవరే గతి. క్యాడెట్‌లో కత్తెరా లేదు, స్టార్ మొనా లేదు. ఉన్నది మంచి బ్లేడు, రెండు సైజుల మైనస్ మొనలు, డబ్బా మూత కోసేది. పెరట్లో, పొలంలో చాకు పనే ఎక్కువగా ఉన్నవాళ్లకు తప్ప క్యాడెట్ కొనమని చెప్పను. చూడ్డానికి మాత్రం ఆరింటిలోనూ అదే అందగత్తె.

ప్లయర్ అవసరం నెలకోసారి వస్తుంది. వచ్చినప్పుడు ఇంకేదీ బదులు పనికిరాదు. స్క్వర్ట్ నోరు సన్నం, స్ప్రింగుతో దానంతట అదే తెరుచుకుంటుంది, మిగతా పనిముట్లన్నీ ప్లయర్ విప్పకుండానే బయటి నుంచి తీయొచ్చు. డైమ్‌లో పార్సిల్ ప్యాకింగు చీల్చే చిన్న కొక్కెం బ్లేడు అదనం. టేపు కింద ఉన్న సరుకుకి గీత పడకుండా తెరుస్తుంది. రెండింటి నోరూ చిన్న నట్లకే. సైకిల్ బ్రేకు కేబుల్ నట్టు కదిలితే కదిలింది, లేదంటే బలవంతం చేయొద్దు. కటింగ్ అంచు మెత్తని రాగి తీగకు: ఇంటి లైట్లకు వేసే 1.5 చదరపు మి.మీ. వైరు వరకు హాయిగా తెంపుతుంది. గాలం, స్ప్రింగు తీగ, సైకిల్ పుల్ల పెడితే అంచులో గంటు పడుతుంది. కడ్డీలు కట్టే బైండింగ్ వైరు ఒకటి రెండుసార్లు తెగుతుంది, రోజూ పెడితే అంచు చదును.

చెరువుల దగ్గర పనిచేసేవాళ్లకు ఇక్కడొక మాట. ఈ ప్లయర్ల పిడులకు ఇన్సులేషన్ లేదు. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటరు స్టార్టరు పెట్టెలో త్రీఫేజ్ కరెంటుంటుంది, కాళ్ల కింద తడి నేల, నీళ్లలో ఉప్పు. మెయిన్ దించి, టెస్టరుతో మూడు ఫేజులూ చూసుకున్నాకే లోపల చెయ్యి పెట్టండి. మెయిన్ దించని పెట్టె దగ్గర కీచైన్ టూల్ జేబులోనే ఉండాలి.

ఇక తుప్పు. స్టెయిన్‌లెస్ అంటే మరకే పట్టదని కాదు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు. అందులోని క్లోరైడు ఉక్కు మీద ఉన్న సన్నటి క్రోమియం ఆక్సైడ్ పొరను చుక్కచుక్కగా తొలుస్తుంది. మైపాడు, కొత్తపట్నం ఒడ్డున గానీ ముత్తుకూరు వైపు చెరువు గట్ల మీద గానీ తిరిగే టూల్‌కి నల్లచుక్కలు ముందు బ్లేడు మీద రావు. కీలు సందులో, గోరు పెట్టే గాడిలో, స్ప్రింగు కింద వస్తాయి. అక్కడ తడి ఆరదు. మైక్రా, స్క్వర్ట్ బ్లేళ్లు 420హెచ్‌సీ ఉక్కు, పదును బాగా నిలుస్తుంది, ఉప్పుతో మాత్రం జాగ్రత్త అవసరం. డైమ్‌లో 3సీఆర్13 రకం ఉక్కు, త్వరగా మొద్దుబారుతుంది, అంతే త్వరగా సానకు లొంగుతుంది. విక్టోరినాక్స్ ఒకే టూల్‌లో గట్టిదనం మార్చి పెడుతుంది: రాక్‌వెల్ కొలతలో బ్లేడు 56, కత్తెర 53, స్క్రూడ్రైవర్ 52, స్ప్రింగు 49. గట్టిది పదును నిలుపుతుంది గానీ వంచితే విరుగుతుంది. డబ్బా మూత పైకెత్తాలంటే బ్లేడు మొన కాకుండా మైనస్ మొన పెట్టమనేది ఇందుకే.

గూడూరు, పొదలకూరు వైపు తోటల్లో ఇంకో శత్రువు నిమ్మరసం. కాయ కోసి బ్లేడు తుడవకుండా మూస్తే తెల్లారేసరికి బూడిదరంగు మరక. చెడ్డ తుప్పేమీ కాదు, గిన్నెలు తోమే పొడి తడిపి గుడ్డతో రుద్దితే పోతుంది. కానీ రసం కీలులోకి దిగితే రెండు వారాల్లో బ్లేడు కిర్రుమంటుంది. టంగుటూరు, కొండపి వైపు పొగాకు ఆకుతో పనిచేసే చేతులకు నల్లటి జిగురు అంటుకుంటుంది కదా, అదే జిగురు కీలులో చేరితే నీళ్లకు పోదు. దూది మీద స్పిరిట్ వేసి తుడవాలి. నెయిల్ పాలిష్ తీసే ద్రవం మాత్రం వాడొద్దు, అందులో అసిటోన్ ఉంటే క్లాసిక్ ఎర్ర ప్లాస్టిక్ పిడి మెరుపు పోయి మెత్తబడుతుంది. చీమకుర్తి రాతి దుమ్ముకైతే ముందు నూనె వేయకూడదు. నూనె, దుమ్ము కలిస్తే సానపొడి తయారవుతుంది, కీలును అదే అరగదీస్తుంది.

కడిగే వరుస ఇది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు రెండు చుక్కలు. టూల్‌ని నీళ్లలో ముంచే ఒక్కో రేకునూ ఇరవైసార్లు తెరిచి మూయాలి. మొండి మురికికి పాత టూత్‌బ్రష్. మంచినీళ్లతో కడిగి, గట్టిగా విదిలించి, అన్నీ సగం తెరిచి ఎండలో గంటసేపు పెట్టాలి. తర్వాత ఒక్కో కీలుకు ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె, నాలుగుసార్లు ఆడించి, మిగిలింది గుడ్డతో తుడిచేయడమే. పండ్లు కోసే బ్లేడుకైతే మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ మేలు. కొబ్బరినూనె అందుబాటులో ఉంది కదా అని వేస్తారు. కొన్నాళ్లకు ముక్కిపోయి బంకలా తయారవుతుంది, ధనుర్మాసం తెల్లవారుజామున గడ్డకడుతుంది కూడా. ఉప్పునీళ్ల దగ్గరైతే వారానికోసారి, లేదంటే నెలకోసారి చాలు. ఉప్పునీళ్లలో పడితే వెంటనే మంచినీళ్లలో ముంచండి, సాయంత్రం దాకా ఆగొద్దు.

సాన పట్టడానికి 1000 గ్రిట్ రాయి సరిపోతుంది. బ్లేడు వెడల్పు 8 మి.మీ. అయితే వెన్నును రాయి మీద నుంచి సుమారు 3 మి.మీ. ఎత్తాలి, అంటే ఒక రూపాయి బిళ్లలు రెండు పేర్చినంత మందం. అది 20 డిగ్రీల దరిదాపు కోణం. ఒక్కో వైపు పదిసార్లు, ఆపై అయిదు, ఆపై రెండు, చేతి బరువు తగ్గిస్తూ. కత్తెరకు బయటి వాలు మాత్రమే రుద్దాలి. లోపలి చదును ముఖాలు ఒకదానిమీదొకటి ఒరుసుకుంటేనే దారం తెగుతుంది, వాటిని రాయికి పెట్టారంటే కత్తెర పని అయిపోయినట్టే.

బండ్ల మీద, ఆన్‌లైన్‌లో దొరికే పేరులేని ‘11 ఇన్ 1’ నకళ్లలో ముందు పోయేది బ్లేడు కాదు, కీలును పట్టి ఉంచే రివెట్టు. కొనేముందు ప్లయర్ మూసి వెలుతురుకు పట్టండి; మొన దగ్గర సందు కనిపిస్తే వదిలేయండి. బ్లేడు తెరిచి పక్కలకు ఆడించండి, కదలిక తెలిస్తే అదీ వద్దు.

ఒక్కటే కొనాలంటే నా ఓటు ర్యాంబ్లర్‌కి. కుట్టుపని, ప్యాకింగు, మందుల షాపు వాళ్లకు మైక్రా. వైర్లు, వలలు, ఏరేటర్లు చూసేవాళ్లు స్క్వర్ట్ దొరికితే అది, లేకపోతే డైమ్. ఏది కొన్నా బండి తాళంచెవికి తగిలించకండి. అరవై గ్రాములు గతుకుల్లో ఊగుతూ ఇగ్నిషన్ లాకు లోపలి పళ్లను అరగదీస్తాయి. విడిపోయే కొక్కెం ఒకటి పెట్టుకుని ఇంటి తాళాల గుత్తికి వేసుకోవచ్చు. చెన్నైలోనో రేణిగుంటలోనో విమానం ఎక్కేరోజు దాన్ని చేతి సంచిలో కాకుండా చెక్-ఇన్ లగేజీలో వేసేయండి. బ్లేడు లేని మోడళ్లు అమెరికా నిబంధనలకు సరిపోతాయని డబ్బా మీద రాసినా, ఇక్కడ స్కానర్ దగ్గర నిలబడ్డ జవాను ఒప్పుకోకపోతే చెత్తబుట్టలో వేసి ఎక్కాల్సిందే.