జంట వరుసల అరటికి జీ9 టిష్యూ కల్చర్ మొక్క: పెట్టిన డబ్బుకు తగ్గదేనా?

అరటిని దగ్గర దగ్గరగా నాటాలనుకుంటే ల్యాబ్‌లో పెంచిన ఈ జీ9 (గ్రాండ్ నైన్ రకం) మొక్కే కొనాలి, పిలకతో ఆ పని కాదు. పిలకలన్నీ ఒక ఈడువి దొరకవు. 6×6 అడుగుల తోటలో వెనకబడ్డ మొక్క ఎలాగోలా గెల వేస్తుంది. జంట వరుసల్లో అయితే పక్క చెట్ల నీడలో సన్నగా పొడుగ్గా సాగి, గెలలో రెండు మూడు హస్తాలతో (కాయల అత్తాలతో) సరిపెడుతుంది. టిష్యూ కల్చర్ మొక్కకు కట్టే డబ్బు ఈ ఒకే ఈడు కోసమే.

6×6లో ఎకరాకు 1,210 మొక్కలు. జంటలో వరుసల మధ్య 4 అడుగులు, మొక్కకూ మొక్కకూ 4, జంటకూ జంటకూ నడుమ 6.5 వదిలితే 2,074. మొక్క 15 రూపాయలనుకున్నా అదనపు 864 మొక్కలకు 12,960. పాత దూరంలో గెల 25 కిలోలు తూగే నేలలో, ఇక్కడ 15 కిలోలు దాటితే చాలు, టన్నేజీ మనదే. ధర సంగతి వేరు. పెట్టెలకు కొనేవాళ్లు కాయ పొడవు, లావు చూస్తారు. మువ్వ (గెల చివర వేలాడే మగ పువ్వు) కోసేటప్పుడే కింది హస్తం ఒకటో రెండో తీసేస్తే మిగిలిన కాయ ఊరుతుంది. అది తీయడానికి మనసు రాక వదిలేస్తేనే నష్టం.

లోడు దిగగానే నాలుగైదు కవర్లు చింపి చూడండి. అడుగు ఎత్తు, ఐదారు ఆకులు, తెల్లటి వేళ్లు ఉండాలి. వేళ్లు గోధుమ రంగుకు మారి కవరు అడుగున చుట్టలు చుట్టుకుంటే నర్సరీలో ముదిరిపోయిన సరుకు. మొదలు పట్టి లాగితే ఊడొచ్చి కుళ్లు వాసన కొడితే దుంప కుళ్లు, ఆ లాటు వెనక్కి పంపాల్సిందే. వైరస్ పరీక్ష చేసిన ధ్రువీకరణ లేబుల్ అడగండి. ఎంత మంచి ల్యాబ్ మొక్కల్లోనైనా పొట్టివి, సన్నాకువి కొన్ని వస్తాయి, కనబడగానే పీకేయాలి. పోయినచోట మళ్లీ నాటడం నెలలోపే. తర్వాత నాటితే అది కలుపు మొక్కతో సమానం.

ఎరువు దగ్గరే చాలామంది లెక్క తప్పుతారు. మొక్కకు 200 గ్రాముల నత్రజని, 300 గ్రాముల పొటాష్ ఇవ్వాలంటే ఎకరాకు యూరియా 20 బస్తాలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 21 దాకా పడతాయి. పాత తోట కోటానే డ్రిప్‌లో వదిలితే మొక్కలు పెరిగాయి గానీ తిండి పెరగలేదన్నమాట. ఇక గాలాడని గుబురులో సిగటోక అనే ఆకుమచ్చ తెగులు తొందరగా పాకుతుంది. కింద ఎండిన ఆకులు కోసేస్తూ, మచ్చ మొదలైనప్పుడే లీటరు నీటికి 1 మి.లీ. ప్రోపికొనజోల్, జిగురు కలిపి కొట్టాలి. ఇంత దగ్గరగా నాటితే పంట నాలుగైదు వారాలు ఆలస్యం కావచ్చు, కౌలు తోటైతే గడువు చూసుకోండి.

రెండో పంట కోసం పిలక వదలకండి. తల్లి చెట్లు ఒకేసారి గెల వేసినా పిలకలు తలా ఒక వారం లేస్తాయి, ఈడు గొడవ మళ్లీ మొదటికే వస్తుంది. గెలలు కోశాక తోట దున్నేసి కొత్త మొక్కలు తెచ్చుకోవడమే.