పైవాకెట్ క్షిపణి నమూనా: అమలాపురం త్రీడీ ప్రింటింగ్ దుకాణం పనితనంపై సమీక్ష

అమలాపురంలోని ఒక చిన్న త్రీడీ ప్రింటింగ్ దుకాణం వారు తయారుచేసి అమ్ముతున్న పైవాకెట్ క్షిపణి నమూనాను మా ఉన్నత పాఠశాల భౌతికశాస్త్ర ప్రయోగశాల కోసం కొన్నాను. పైవాకెట్ అంటే, వెంటపడే శత్రువుల నుంచి బాంబర్ విమానాన్ని కాపాడాలని అమెరికా తలపెట్టిన క్షిపణి. ఈ నమూనా అసలు క్షిపణిలో పదో వంతు. వ్యాసం సుమారు 15 సెంటీమీటర్లు, మధ్యలో మందం రెండు సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది. రెండు ముక్కలుగా ప్రింట్ చేసి అతికించి, బూడిద రంగు వేసి, చెక్క పీటతో సహా 1,400 రూపాయలకు ఇస్తున్నారు. ఇంజినీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టుల మీద ఆధారపడిన దుకాణం ఇంతగా మరుగునపడిన ఆయుధాన్ని ఎంచుకోవడమే నాకు ఆశ్చర్యం కలిగించింది.

చూడగానే దీన్ని ఎవరూ క్షిపణి అనుకోరు. ఇడ్లీలాగా రెండు వైపులా ఉబ్బి, అంచుల దగ్గర పలచబడిన బిళ్ల ఇది. ముక్కు లేదు, తోక లేదు, రెక్కలు లేవు. వెనుక అంచు మాత్రం మొండిగా ఉండి, అక్కడ మూడు ఘన ఇంధన రాకెట్ల రంధ్రాలు కనిపిస్తాయి. అమెరికా వాయుసేన 1957లో ఈ ఆలోచనకు శ్రీకారం చుట్టింది. 1959లో జనరల్ డైనమిక్స్ సంస్థకు చెందిన కాన్వెయిర్ విభాగానికి అధ్యయనం అప్పగించింది. టెనెసీ రాష్ట్రంలో తులహోమా వద్ద ఉన్న ఆర్నాల్డ్ కేంద్రపు గాలి సొరంగాల్లో నమూనాలను పరీక్షించారు. మాక్ 6, అంటే ధ్వని వేగానికి ఆరు రెట్లు, దాటిన వేగం ఆ క్షిపణి లక్ష్యం.

ఈ ఆకారం ఎందుకు అవసరమైందో తెలియాలంటే, అది కాపాడవలసిన బీ-70 బాంబర్ గురించి చెప్పుకోవాలి. ఆ విమానాన్ని 70,000 అడుగుల ఎత్తున మాక్ 3 వేగంతో, అంటే సెకనుకు దాదాపు 885 మీటర్ల చొప్పున ఎగిరేలా రూపొందించారు. ఆ వేగంతో రాజమహేంద్రవరం నుంచి కాకినాడకు ఇంచుమించు ఒక్క నిమిషంలో చేరవచ్చు. అంతకుముందు బాంబర్లకు తోకలో తుపాకులు ఉండేవి. అర అంగుళం తుపాకీ గుండు గొట్టం నుంచి వెలువడే వేగం కూడా సెకనుకు సుమారు 880 మీటర్లే. కాబట్టి మాక్ 3తో పోతున్న విమానం నుంచి వెనక్కి పేల్చిన గుండు, చుట్టూ ఉన్న గాలితో పోల్చి చూస్తే, దాదాపు ఉన్నచోటే ఆగిపోయినట్టు లెక్క. ఈ ఒక్క లెక్క పదో తరగతి పిల్లలకు సాపేక్ష వేగాన్ని ఎంత చక్కగా పట్టిస్తుందో మాటల్లో చెప్పలేను.

మామూలు క్షిపణిని వెనక్కి వదిలితే చిక్కు ఇంకా పెద్దది. దాని రెక్కలు గరిమనాభికి, అంటే బరువంతా కేంద్రీకృతమైనట్టుండే బిందువుకు, వెనుక ఉంటాయి కనుక, ఎదురుగాలి తగిలినప్పుడు అవి ముక్కును సరిదిద్దుతాయి. వెనక్కి వదిలిన క్షణంలో అది విమానపు వేగంతోనే తోక ముందుగా గాలిని చీల్చుకుంటూ పోతుంది; అప్పుడు అవే రెక్కలు దాన్ని తిరగబడేలా చేస్తాయి. బిళ్లకు ఆ బాధ చాలావరకు లేదు. గాలి ఏ పక్క నుంచి వచ్చినా దాదాపు ఒకే అంచు తగులుతుంది. దిశ మార్చడానికి రెక్కలకు బదులు చిన్న జెట్లను వాడాలనుకున్నారు. ఏ వైపుకైనా వదలగల ఆయుధం కోసం వెతికిన ఇంజినీర్లు చివరికి గుండ్రటి ఆకారానికి చేరుకున్నారంటే అది మోజుతో కాదు, గాలి నియమాలకు తలవంచి. ఈ విషయం మీద నాకున్న గౌరవం అపారం.

అదే దుకాణంలో మన డీఆర్‌డీఓ వారి అస్త్ర క్షిపణి నమూనా కూడా దొరుకుతుంది. రెండూ కొనుక్కోవడం మేలు. రెంటినీ మధ్యలో దారం కట్టి, ఫ్యాను తక్కువ వేగంలో పెట్టి దాని ముందు వేలాడదీస్తే, సన్నగా పొడుగ్గా ఉన్న అస్త్ర తన ముక్కును గాలి వైపు తిప్పుకుంటుంది. పైవాకెట్‌ను ఎటు తిప్పి వదిలినా ఫలానా వైపే చూడాలన్న పట్టుదల చూపదు. అయితే దారం కట్టడానికి కొక్కెం ఇవ్వలేదు. కేంద్రంలో సన్నని రంధ్రం నేనే వేసుకోవలసి వచ్చింది.

పనితనం సంగతికి వస్తే, లోపం పై భాగంలో ఉంది. ముక్కలను పడుకోబెట్టి ప్రింట్ చేయడం వల్ల, వంపు దాదాపు చదునుగా మారే నడిమి భాగంలో పొరలు మెట్లు మెట్లుగా కనిపిస్తున్నాయి. నిలువుగా, అంచు మీద నిలబెట్టి ప్రింట్ చేస్తే ఆధారాలకు కొంత ప్లాస్టిక్ ఎక్కువ ఖర్చయినా ఈ మెట్లు చాలా తగ్గుతాయి. అంచు దగ్గర సన్నని పోగులు కూడా మిగిలాయి. కాలువలూ చెరువులూ సముద్రపు గాలీ కలిసిన మన డెల్టా తేమకు పీఎల్ఏ ఫిలమెంట్, అంటే ప్రింటింగ్‌కు వాడే ప్లాస్టిక్ తీగ, ఇట్టే చెమ్మ పీల్చుకుంటుంది. ఆ తీగ చుట్టను ఆరబెట్టకుండా వాడితే జరిగేది ఇదే. నేను ఉప్పుకాగితంతో రుద్ది, పుట్టీ పెట్టి, ప్రైమర్ కొట్టిన తరువాత ఉపరితలం నున్నగా వచ్చింది. మరో హెచ్చరిక: పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది కాబట్టి, రోహిణి కార్తెలో కారులో వదిలితే నమూనా వంగిపోతుంది.

నమూనాతో ఇచ్చిన వివరాల కార్డు మాత్రం నాకు మింగుడుపడలేదు. పైవాకెట్ వియత్నాం యుద్ధంలో శత్రు విమానాలను కూల్చిందని అందులో రాశారు. అది అసలు సేవలోకే రాలేదు. ఆ యుద్ధంలో, 1972 డిసెంబరులో, రెండు మిగ్-21 విమానాలను కూల్చినట్టు అమెరికా వాయుసేన గుర్తించినది తన బీ-52 బాంబర్ల తోక తుపాకులను. 1960 మే 1న సోవియట్ భూభాగంపై చాలా ఎత్తున ఎగిరే అమెరికా గూఢచారి విమానం యూ-2 క్షిపణికి కూలిపోయాక, ఎత్తూ వేగమూ మాత్రమే బాంబర్‌కు రక్షణ అన్న నమ్మకం సడలింది. 1961 మార్చిలో కెనడీ ప్రభుత్వం బీ-70ని పరిశోధన విమానాల స్థాయికి కుదించింది. కాపాడవలసిన విమానమే లేనప్పుడు పైవాకెట్‌కు పని లేకుండా పోయింది. ఈ సంగతులు రాసి ఇవ్వగా దుకాణదారు ఓపికగా చదివి, కొత్త కార్డు అచ్చువేయించి పంపారు. ఆ మర్యాద నాకు బాగా నచ్చింది.

ఈ ధరకు నేను ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. నిలబెట్టి ప్రింట్ చేయడం మొదలుపెడితే ఐదోదీ వేస్తాను. బీ-70ని కూడా తయారుచేయమని వారిని అడిగాను. నూరో వంతు కొలతలో విమానం 56 సెంటీమీటర్లు వస్తుంది, దాని పక్కన పెట్టవలసిన పైవాకెట్ ఒకటిన్నర సెంటీమీటరు మాత్రమే. అంత చిన్న బిళ్ల తమ యంత్రంలో సరిగా రాదేమోనని దుకాణదారు సందేహించారు. ద్రవ రెసిన్‌ను గట్టిపరచి సన్నని వివరాలు కూడా ప్రింట్ చేసే రెసిన్ యంత్రం తెప్పించుకునే ఆలోచన వారికి ఉందట. అది వచ్చిన రోజున మొదటి జత మా పాఠశాలకే ఇవ్వాలని బయానా కూడా ఇచ్చాను.